పగ్గం పట్టినవాడి మాట

దేవరాజులు కొత్త కారు కొనబోతున్నాడని తెలియగానే మదనపల్లిలో ఆయన్ని ఎరిగిన ప్రతివాడికీ కార్ల మీద ఒక అభిప్రాయం పుట్టుకొచ్చింది. జన్మలో సైకిలు దిగనివాడు కూడా జర్మనీ ఇంజను మీద తీర్పు చెప్పాడు. టమోటా మండీలో, టీ అంగళ్లలో, పెళ్లి భోజనాల బంతుల్లో, రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలమంతా అదే మాట. జర్మనీదైతే ఇనుము గట్టి అన్నాడు ఒకడు. ఇటలీదైతే అందం, పరుగు అన్నాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవడూ ఆ బండ్లను కంటితో చూసినవాడు కాదు. ఊరికే వచ్చే సలహాకు అంతకంటే అర్హత అక్కర్లేదు కదా.

నోరు విప్పనివాడు ఒక్క మునెప్ప. వచ్చే కారు ఏదైనా సరే, దాన్ని తోలవలసినవాడు అతనే.

మునెప్ప దేవరాజులు దగ్గర డ్రైవరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. దేవరాజులుకు కుప్పం పక్కన రాతి క్వారీ ఉంది. నలుపులో పచ్చ జీర కనబడే ఆ రాయిని పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి పైదేశాలకు పంపుతారు. ఇల్లు మదనపల్లిలో, సొంత ఊరూ పొలాలూ పుంగనూరు దగ్గర. వారానికి మూడుసార్లు మదనపల్లిలో బయల్దేరి పుంగనూరు మీదుగా, పలమనేరు దాటి కుప్పం పోయి, పొద్దుగూకేలోపల తిరిగి రావాలి. ఆ దారిలో ఏ మలుపులో గుంత ఉందో, ఏ ఊళ్లో కోళ్లు రోడ్డుకు అడ్డం పడతాయో మునెప్పకు తెలిసినంతగా ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు కూడా తెలియదు. ఆ సీటు తప్ప అతనికి లోకంలో ఇంకో చోటు లేదు. సెంటు పొలం లేదు, అంగడి లేదు, ఇంకో పని చేతకాదు. యాభై నాలుగేళ్ల వయసులో కొత్తగా నేర్చుకునే ఓపికా లేదు.

దేవరాజులు ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎద్దులు కొనడానికి పశువుల పరసకు పోయినప్పుడు ధర సంగతి యజమాని చూసుకుంటాడు. కానీ వాటితో దున్నబోయే సేద్యగాడు పగ్గం పట్టి పది బారలు నడిపించి చూసి, సరే అంటేనే కొనాలి. వద్దంటే వద్దే. దేవరాజులు తండ్రి ఒకసారి ఒక తెల్లటి జత మీద మోజుపడి, సేద్యగాడు గంగులయ్య వద్దు వద్దంటున్నా తోలుకొచ్చాడు. మూడో నెలలో అందులో ఒకటి సాలులోనే కూలబడింది. ఆ గంగులయ్యే మునెప్ప తండ్రి. అప్పటినుంచి ఆ ఇంట్లో పగ్గం పట్టినవాడి మాటకు ఎదురు లేదు. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది, జీపు వచ్చింది, అంబాసిడరు వచ్చింది, ఆనవాయితీ మాత్రం పోలేదు. ప్రతి బండినీ మునెప్ప తోలి చూసి ఊ అన్నాకే గేటు లోపలికి తెచ్చారు. ఆస్తిపరులకు కూడా అంత తేలిగ్గా దొరకని గౌరవం అది. మునెప్ప దాన్ని పండగ చొక్కాలాగా మడత నలగకుండా దాచుకున్నాడు.

ఆ ఇంటికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ముసలెద్దును అమ్మరు. కొట్టంలో కట్టేసి చచ్చేదాకా మేత వేస్తారు. మునెప్ప చిన్నప్పుడు అలాంటి ఎద్దు ఒకటి ఉండేది. తెల్లారి కాడి తీసే చప్పుడు వినబడితే చాలు, తనంతట తాను లేచి మెడ ముందుకు చాచేది. దాని మెడ మీద ఎవరూ కాడి పెట్టేవాళ్లు కాదు. చూడలేక గంగులయ్య కాడిని కొట్టం బయట ఎక్కడో పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇక మునెప్ప భార్యకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి. అతని ఎడమ మోకాలు పాడైపోయింది. కారెక్కకముందు ఏడెనిమిదేళ్లు బెల్లం లారీలు తోలాడు. ఆ క్లచ్చీ, ఈ క్లచ్చీ కలిసి కీలును అరగదీశాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, లోపలి గుజ్జు అయిపోయింది, ఎముకకు ఎముక రాసుకుంటోంది, క్లచ్చి తొక్కడం మానుకో అన్నాడు. చెప్పడానికేం, డాక్టరు క్లచ్చి మీద బతకడం లేదు. మునెప్ప ఆ ఫిల్మును చుట్టి ట్రంకుపెట్టె అడుగున భార్య చీరల కింద దాచాడు. ప్యాంటు లోపల మోకాలికి బిగుతు పట్టీ వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. కారు దిగగానే నిటారుగా నిలబడలేడు కాబట్టి, కాలు సాగేదాకా తలుపు పట్టుకుని అద్దం తుడుస్తున్నట్టు నటించేవాడు. ఆ కాలంలో మదనపల్లిలో అంత శుభ్రమైన అద్దం ఇంకో కారుకు ఉండేది కాదు.

మొదట అనుకున్నది ఇటలీ కారు ఒక్కటే. అది దేవరాజులు కొడుకు చేతన్ మోజు. చేతన్ బెంగుళూరులో చదువుకుని వచ్చి క్వారీ పనుల్లో తండ్రికి సాయంగా ఉంటున్నాడు. మంచి పిల్లవాడే గానీ, ఆనవాయితీలంటే చిన్న నవ్వొకటి పెదవి చివర పెట్టుకునేవాడు. బయటి దేశాల కార్లు తెప్పించి అమ్మే ఆసామి ఒకడు బెంగుళూరులో ఉన్నాడు. వాడి దగ్గరికి ఎర్రటి ఇటలీ కారు ఒకటి ఓడ మీద వచ్చింది. ఇంగ్లండులో ఏడాది తిరిగిన బండి, అందుకే స్టీరింగు మన కార్లలాగే కుడి పక్కన ఉంది. చూడ్డానికి నలుగురు కూర్చునే కారే, పరుగులో మాత్రం పందెపు బండి అని చేతన్ దాని బొమ్మలు ఇంటి నిండా పరిచాడు. ఉగాది దాటాక ఉన్నట్టుండి రెండు జర్మనీ కార్లు కూడా పోటీలోకి వచ్చాయి. వాటిని ఎవరు చేర్చారో మునెప్ప అడగలేదు.

అడగకపోవడానికి కారణం, దేవరాజులు మనసు ఎక్కడుందో తనకు తెలుసని అతని నమ్మకం. క్వారీ మొదలుపెట్టిన కొత్తలో, తొంభై మూడులో, రాయి కొనేవాడు లేక దేవరాజులు అన్నం సహించని రోజుల్లో, ఇటలీ వ్యాపారి ఒకడు కుప్పం వచ్చాడు. నీళ్లు చల్లిన రాయి మీద పచ్చ జీర చూసి, ఎండలో టోపీ తీసేసి, దేవరాజులును గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది. ఆ సాయంత్రం తిరిగి వస్తూ దేవరాజులు, ఎప్పటికైనా ఆ దేశపు బండి ఒకటి ఎక్కాలి మునెప్పా అన్నాడు. పదమూడేళ్ల కిందటి మాట. అన్నవాడు మరిచిపోయి ఉండవచ్చు, విన్నవాడు మరిచిపోలేదు.

బండ్లు తోలి చూడడానికి బెంగుళూరు పోయారు. మొదటి జర్మనీ కారు ఎక్కి మునెప్ప ఎడమకాలితో క్లచ్చి కోసం వెతికాడు. దొరికింది బ్రేకు. కారు ఎగిరిపడింది. అమ్మే కుర్రాడు నవ్వి, ఈ బండికి క్లచ్చి ఉండదు, ఎడమకాలిని వెనక్కి మడిచి పెట్టుకోండి, దానికి పని లేదు అన్నాడు. గేర్లు వాటంతట అవే పడతాయట. మునెప్ప కాలు మడిచి పెట్టుకున్నాడు. రెండు మైళ్లు, మూడు మైళ్లు, ఎర్ర దీపాల దగ్గర ఆగడం, కదలడం. మోకాలు నిద్రపోయినట్టు పడి ఉంది. ఎన్నేళ్లయిందో అలా. ఈ బండైతే ఇంకో పదేళ్లు తోలగలను అనుకున్నాడు. దారి కాసేపు మసకగా కనిపించింది. వెనక కూర్చున్న దేవరాజులు ఎట్లుందప్పా అని అడిగాడు. బాగుందన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. బండి దిగబోతూ మూడోసారి కూడా అడిగాడు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగే మనిషి కాదాయన. మునెప్ప ఆ సంగతి గమనించాడు గానీ దాని అర్థం పట్టుకోలేకపోయాడు.

రెండో జర్మనీ కారు కూడా అలాంటిదే. తరువాత ఇటలీది ఎక్కాడు. సీటు నేలకు ఆనుకున్నట్టుంది, కూర్చోవడమే దిగబడడం. క్లచ్చి పొట్టిగా, మొండిగా ఉంది. తొక్కిన ప్రతిసారీ మోకాలిలో నిప్పు పెట్టినట్టయింది. అయితే నిజం దాచకూడదు, ఇంజను మాత్రం నాదస్వరంలాగా పలికింది. గేరు మార్చగానే బండి ముందుకు ఉరికిన తీరుకు ఆ బాధలోనూ మునెప్ప ఒంట్లో ఒక పులకరింత పుట్టింది. దిగేసరికి చొక్కా తడిసిపోయింది. చల్లగాలి మిషను పెట్టిన కారులో ఆ చెమట ఏమిటని దేవరాజులు అడిగాడు. ఎండ అన్నాడు మునెప్ప, అద్దం తుడుస్తూ.

తిరుగు ప్రయాణంలో చేతన్ తండ్రితో ఒక మాట అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు, కుర్రతనం కొద్దీ నోటికి వచ్చింది.

"ఆ క్లచ్చి లేని బండ్లు కాళ్లు పడిపోయినోళ్లకు నాయనా. తోలేది వచ్చినోడు దాన్నెక్కి ఏం జేస్తాడు?"

 మునెప్ప స్టీరింగును ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. జర్మనీది కావాలని అంటే ఇప్పుడు దాని అర్థం ఏమిటో తేలిపోయింది. నాకు కాలు పోయింది అని నలుగురిలో నిలబడి చెప్పుకోవడమే. చెప్పుకున్న మరుక్షణం, ఆ కాలితో ఇన్నాళ్లు మమ్మల్ని ఎలా తిప్పావు అంటారు. కుర్రవాడినొకణ్ణి తెస్తారు. అంతా అక్కడికి అయిపోతుంది.

ఆ సాయంత్రం భార్య సిద్ధమ్మ జిల్లేడాకులకు ఆముదం రాసి, వెచ్చచేసి మోకాలికి కడుతూ సంగతంతా విన్నది. ఆమె నోరు కొంచెం కటువు, మనసు కాదు. క్లచ్చి లేని బండి కాళ్ల దగ్గరికి నడిచి వస్తే కాదనడానికి నీకేమైనా పిచ్చా అని అడిగింది. పెద్దాయనకు ఇటలీది ఎక్కాలని పదమూడేళ్ల ఆశ అన్నాడు మునెప్ప. ఆయన ఆశ ఆయన చెప్పుకుంటాడు, నీ నొప్పి నువ్వు చెప్పుకోవాలి కదా అంది ఆమె.

"అడగందే అమ్మయినా పెట్టదు. నోరు తెరిచి చెప్పు."

"చెప్తే బండి దింపుతారే."

"చెప్పకుంటే కాలు తీసేస్తారు. అప్పుడు దిగవా?"

 మొగమాటానికి పోయి కడుపు తెచ్చుకున్నదాని సామెత ఆమె చెప్పబోతుంటే, చాల్లే ఊరుకోమని కసిరి, కట్టు కట్టిన కాలితోనే బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం హాల్లో, ఇటలీ వ్యాపారి ఫోటో కిందనే, తండ్రీ కొడుకులు కూర్చున్నారు. మునెప్ప గడప పక్కన నిలబడ్డాడు. కూర్చోమని దేవరాజులు చెప్పినా కూర్చోలేదు, కూర్చుంటే లేవడం కనబడుతుందని భయం.

"పగ్గం పట్టేవాడివి నువ్వు. మేము ఏమనుకుంటే ఏముండాది. నీ మాట చెప్పు మునెప్పా," అన్నాడు దేవరాజులు.

మునెప్ప ఆయన ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లలో ఏదో ఎదురుచూపు ఉంది. పదమూడేళ్ల కిందటి ఆశే అది అనుకున్నాడు. అంతకన్నా తప్పుగా ఒక మనిషి ఇంకో మనిషి ముఖాన్ని చదివి ఉండడు.

"ఇటలీదే అన్నా," అన్నాడు.

చేతన్ తొడ చరిచాడు. దేవరాజులు మాత్రం కదల్లేదు. బాగా ఆలోచించినావా అని అడిగాడు. ఆలోచించినా అన్నాడు మునెప్ప. ఇంకేమన్నా చెప్పేది ఉండాదా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. దేవరాజులు చాలాసేపు నేల చూపులు చూసి, సరే అని లేచిపోయాడు. సంతోషంతో మాట రాలేదు కాబోలు అనుకుని మునెప్ప ఇంటికి వచ్చాడు. తన సీటు తనకు మిగిలిందనీ, పెద్దాయన ముచ్చటా తీరిందనీ సిద్ధమ్మకు చెప్పాడు. ఆమె విని, ఆముదం సీసా మూత బిగించి గూట్లో పెట్టేసింది. 

కారు వచ్చింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఊరంతా వచ్చి చూసింది. జర్మనీ పక్షం వాళ్లు కూడా బానెట్టు మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. ఎర్ర కారు పక్కన తెల్ల చొక్కాలో మునెప్ప పెళ్లికొడుకు తండ్రిలాగా నిలబడ్డాడు.

ఆ రోజు తప్ప ఆ కారు అతనికి ఇంకో మంచి రోజు ఇవ్వలేదు. దాని పొట్ట నేలకు దగ్గర. రోడ్డు మీద హంపు వచ్చిన ప్రతిచోటా క్లచ్చి తొక్కి, గేరు దించి, పక్కకు వాల్చి, పాకినట్టు దాటించాలి. మదనపల్లి నుంచి పుంగనూరు దాకా పదకొండు హంపులు. అక్కణ్ణించి పలమనేరుకు తొమ్మిది. కుప్పం చేరేసరికి ముప్పై ఏడు. పోను ముప్పై ఏడు, రాను ముప్పై ఏడు. ఇంతకుముందు ఊళ్ల పేర్లతో గుర్తుండే దారి ఇప్పుడు హంపుల లెక్కతో గుర్తుండసాగింది. ఊరి పిల్లలు బాగుండాలని ఎవరో వేయించిన హంపును చూసి అతను పళ్లు నూరుకునేవాడు. అలా నూరుకున్నందుకు తరువాత సిగ్గుపడేవాడు.

ఉపాయాలన్నీ చేశాడు. వాలులో న్యూట్రల్లో వదిలేవాడు. రెండో గేరులోనే మూలుగుతూ లాగించేవాడు. క్వారీలో దేవరాజులు పని చూసుకుంటున్నంతసేపూ రాతి దిమ్మె మీద కాలు చాపి, ఎండకు కాగిన రాయితో కాపడం పెట్టుకునేవాడు. నొప్పి మందు రెండు బిళ్లల నుంచి నాలుగైంది. ఆ బిళ్లలతో కడుపులో మంట పుట్టింది, మంటకు ఇంకో బిళ్ల. రానురాను కాలు నొప్పి పుట్టడం మానేసి, ఒక్కోసారి అసలు ఉన్నట్టే తెలియకుండా పోసాగింది. అది నయమవుతోందని అనుకుందామని ప్రయత్నించాడు. రెండు రోజులు నమ్మగలిగాడు కూడా.

ఒక్కసారి చెప్పేద్దామనుకున్నాడు. వి.కోట దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే ఇంజను ఆపి కూర్చున్నారు. వెనకనుంచి దేవరాజులు, ఈ బండి నీకు సుఖంగా ఉండాదా అని అడిగాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పాలి? ఇటలీదే అన్నా అని చెప్పిన నోరు అదే కదా. పగ్గం పట్టినవాడి మాట తప్పని తానే ఎలా ఒప్పుకోవాలి? తన మాటకు ఉన్న విలువంతా తన తండ్రి సంపాదించి పెట్టింది. బాగుందన్నా అన్నాడు. మంద దాటిపోయింది.

రెండువేల ఏడు శ్రావణంలో, ఒక ఉదయం, పుంగనూరు సంత దగ్గర కారు ఆగింది. ముందు పాల సైకిళ్లు, ఆటోలు, కొత్తిమీర మూటలు ఎత్తుకున్న ఆడవాళ్లు. మునెప్ప మొదటి గేరు వేసి, క్లచ్చి పూర్తిగా తొక్కి పట్టుకుని, సందు కోసం చూస్తున్నాడు. కాలు తొక్కే ఉందనుకున్నాడు. అది పెడలు మీద నుంచి జారింది. జారినట్టు అతనికి తెలియలేదు. పందెపు బండి కదా, ఒక్క దూకు దూకింది. ముందున్న పాల సైకిలును గుద్ది ఆగిపోయింది.

సైకిలు మీది మనిషి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. రెండు క్యాన్ల పాలు బోర్లపడి ఎర్ర కారు చక్రాల కిందికి పారాయి. జనం అరుచుకుంటూ మూగారు. మునెప్ప తలుపు తెరిచి దిగబోయాడు. కుడికాలు దిగింది, ఎడమది రాలేదు. చేత్తో ఎత్తి బయట పెట్టుకోవలసి వచ్చింది. సంతలో సగం మంది అది చూశారు. ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడకుండా కాపాడుకున్నది అలా బయటపడింది.

పడ్డవాడు నారాయణస్వామి అనే పాలవాడు. మోచెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదు. దేవరాజులు అతన్ని ఆటో ఎక్కించి తానే ఆసుపత్రికి వెంట పోయాడు. ఎక్కే ముందు చేతన్‌కు ఫోను చేసి బండి తీసుకుపోవడానికి రమ్మన్నాడు. మునెప్పను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది మునెప్పకు. ఆ పాలవాడి చెయ్యి తన వల్ల విరిగింది. నొప్పి ఓర్చుకుంటే తనతోనే పోతుంది అనుకున్నాడు ఇన్నాళ్లూ, అది ఇంకొకడికి తగులుతుందని ఎన్నడూ అనుకోలేదు. టీ అంగడి బల్ల మీద కూర్చుని రోడ్డు మీద పాలు ఎండిపోవడం చూస్తూ ఉండిపోయాడు.

గంట తరువాత దేవరాజులు వచ్చి అదే బల్ల మీద పక్కన కూర్చున్నాడు. ఇరవై మూడేళ్లలో ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. టీ తెప్పించాడు. తాగలేదు.

"నీ కాలు సంగతి నాకు రెండేండ్లుగా తెలుసప్పా," అన్నాడు.

మునెప్ప తలెత్తాడు.

"నువ్వు అద్దం తుడిసేది సూస్తానే ఉండాను. అంత మురికి యాడుంటాది అద్దానికి? చేతన్ అడిగింది ఇటలీది ఒగటే. ఆ జర్మనీ బండ్లు పెట్టింది నేను. క్లచ్చి లేని బండ్లు ఏమేం ఉండాయో కనుక్కొని రెండు పెట్టమని బెంగుళూరుకు ఫోను జేసింది నేను. నీ నోట్లోంచి జర్మనీ అనే మాట వస్తే చాలు, పగ్గం పట్టినోడి మాట అని చేతన్ నోరు మూయించి కొందామనుకుంటి. మూడు తూర్లు అడిగితి నిన్ను."

 మునెప్ప టీ గ్లాసు కింద పెట్టాడు.

"మీకు ఇటలీది ఎక్కల్లని ఆశ గదన్నా. ఆపొద్దు కుప్పం నుంచి వస్తా అంటిరి."

దేవరాజులు ఆలోచించాడు. అలా అన్నట్టు ఆయనకు గుర్తే లేదు.

"కాలు సంగతి తెలిసి యాల అడగలేదన్నా నన్ను?"

"నీకు కాలు పోయిందంట గదా అని ఎట్ల అడిగేది? మీ నాయన ముందర ముసిలెద్దు కుంటు మాట ఎవురన్నా ఎత్తితే ఊరుకున్నాడా? నువ్వే చెప్తావని కాసుకోనుంటి. నువ్వు ఇటలీ అన్నెంక, నీ మాట తీసి పక్కన పెట్టేదానికి నాకు చెయ్యి రాల్యా. అదొగటే గదా నీది అని ఉండేది."

ఇద్దరూ మర్యాదస్తులే. ఒకడు ఎదుటివాడి ఆశ కోసం, ఇంకొకడు ఎదుటివాడి మాట కోసం నోరు కట్టుకున్నారు. ఆ మర్యాద ఖరీదు పాలవాడి మోచెయ్యి, మునెప్ప బతుకు. ఎవరైనా ఒకడు కొంచెం మోటు మనిషి అయి ఉంటే ఈ కథ లేదు.

చేతన్ జీపులో ఇంకొక డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కుర్రవాడు ఎర్ర కారు చుట్టూ తిరిగి, సీటు వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్లలో ఆ ఇంటి బండి సీటును ఇంకొకరు జరపడం మునెప్ప చూడలేదు. జీతం ఆగదనీ, ఇంటి దగ్గరే ఉండమనీ, ఊసుపోకపోతే క్వారీ గేటు దగ్గర కుర్చీ వేయిస్తాననీ దేవరాజులు చెప్పాడు. ప్రేమగానే చెప్పాడు. మేత వేస్తానంటున్నాడని మునెప్పకు అర్థమైంది. ఆ ఇంటి పద్ధతి తప్పలేదు.

కారులో వెనక కూర్చుని రమ్మంటే వద్దన్నాడు. బస్సులో వస్తానన్నాడు. తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని బస్టాండు దాకా నడిచాడు.

మదనపల్లి బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. బస్సు కదిలింది. చాలా ఏళ్ల తరువాత అతను చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ దారిని చూస్తున్నాడు. ఊరి చివర మొదటి హంపు వచ్చింది. మునెప్ప ఎడమకాలు తనంతట తాను లేచి బస్సు నేలను గట్టిగా తొక్కింది. నొప్పి నడుము దాకా పాకింది. కాలిని చేత్తో అదిమి పట్టుకుని, నీకు పని లేదు ఊరుకో అని చెప్పాడు. రెండో హంపు దగ్గర అది మళ్లీ తొక్కింది. పక్కనున్న ముసలమ్మ, ఏమైందప్పా, కాలు పట్టిందా అని అడిగింది.

అవునమ్మా అన్నాడు మునెప్ప. తన కాలు గురించి పరాయి మనిషి దగ్గర ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. కళ్లు తుడుచుకోవడానికి కాలి మీది చెయ్యి ఎత్తాడు. మదనపల్లికి ఇంకా తొమ్మిది హంపులున్నాయి.